గడపల లెక్క

కెమెరా అంటే ఫణీంద్ర వాళ్ళ బావ ఫోను.
ఒక మూల గాజు పగిలింది,
ఆ మూలలోకి ఎవరి ముఖమూ రాకుండా చూసుకోవాలి, అంతే.
మైకు నాది. అంటే, అద్దెది.
రోజుకి నూట యాభై.
దాన్ని మా ఇంటి బూజుకర్రకి కట్టి
గాలి కొట్టకుండా తమ్ముడి స్కూలు సాక్సు తొడిగాను.
మొత్తం బడ్జెట్టు నాలుగు వేల మూడొందలు.
అందులో టీలకీ బిస్కెట్లకీ పోయిందెంతో
షమీమ్ ఇప్పటికీ లెక్క చెప్పదు.

చిట్టినగర్ దాటాక కొండ మీదికి మెట్లు.
రెండొందల పద్నాలుగని స్క్రిప్టులో రాసుకున్నాం.
మెట్ల పక్కనే నీళ్ళ పైపులు,
పైకి పోతూ పోతూ
ఒక్కో ఇంటి దగ్గర ఒక్కోటి ఆగిపోతాయి.

ఏసోబు భుజం మీద ఎర్రటి గ్యాసు బండ.
"మేం లేనట్టే ఎక్కండి బాబాయ్" అంది షమీమ్.
ఎదురుగా, బూజుకర్ర ఎత్తిపట్టి
వెనక్కి వెనక్కి మెట్లెక్కుతున్న నన్ను చూసి
"లేనట్టేలే అమ్మా. నువ్వు పడమాకు" అన్నాడు.

మొదటి టేకులో ఒక పిల్లాడు చెయ్యి ఊపాడు.
రెండో టేకులో అదే పిల్లాడు, చొక్కా మార్చుకుని.
మూడోసారి కింద నుంచి రైలు కూత,
అది అయ్యేసరికి వెలుతురు మారింది.
"ఈసారి ఖాళీది మొయ్యండి, ఎవరికి తెలుస్తుంది"
అన్నాం, జాలిపడి.
మోశాడు.
తెలిసింది.
మెడ మీద ఆ తాడులాంటి నరం లేవలేదు.
కాళ్ళు పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచాయి.
ఫోన్లో చూసి ముందు ఆయనే నవ్వాడు,
"దొంగ నడక" అని
నిండుదాన్ని మళ్ళీ ఎత్తుకున్నాడు.
మేం వద్దనలేదు.
ఇది రాస్తున్నప్పుడు కూడా అదే గుర్తొస్తోంది,
వద్దనలేదు.

పైన గుమ్మంలో నాంచారమ్మ, చేతిలో గరిటె:
"అన్నం సగం ఉడికి ఆగి గంటయింది.
నా బండ గుమ్మం దాకా వచ్చి
మూడుసార్లు కిందికి పోయింది.
సినిమా అంట, సినిమా!
రండి, ఆ పలుకన్నం తిని పోండి మీ ముగ్గురూ."
ఫణీంద్ర కట్ చెయ్యడం మర్చిపోయాడు.
మా పదకొండు నిమిషాల్లో
ఎవరూ రాయని సీను అదొక్కటే.

రాత్రి ఇంట్లో కరెంటు పోయి
లాప్‌టాప్‌లో పద్దెనిమిది శాతం మిగిలినప్పుడు
హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.
సాక్సు లోపల, గాలి వెనక,
ఆయాసానికీ ఆయాసానికీ మధ్య ఏదో గొణుగుడు.
అంకెలనుకున్నా.
"దానమ్మ గడప... కుట్టుమిషను గడప...
పోయిన పిల్లోడి గడప... కుక్క గడప...
బాకీ గడప..."
ఆయన మెట్లు ఎప్పుడూ లెక్కపెట్టనేలేదు.
రెండొందల పద్నాలుగు మా అంకె.

ఇక్కడ వయొలిన్ వేద్దాం అంది షమీమ్.
రెండ్రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు.
మూడో రోజు
వయొలిన్‌కి డబ్బుల్లేవని తేలింది.

గోదాము ముందు, ఖాళీ బండ మీద కూచోబెట్టి చూపించాం.
చాలాసేపు ఆయన చూసింది
తన చెప్పుకున్న పిన్నీసునే.
"చెప్పకపోతిరి, కొత్తవి ఏసుకుందును గదా."
తర్వాత తన గొంతు విని ఆగాడు.
"ఎవరితో మాట్టాడతన్నా నేను?"
మళ్ళీ వెయ్యమన్నాడు. ఇంకోసారి.
పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసి
"ఆ బాకీ గడప మాట తీసెయ్యండమ్మా.
ఆళ్ళింటికి రేపు కూడా ఎక్కాల నేను."

తీసేశాం.
ఏడో నిమిషం దాటాక, మీరెప్పుడైనా చూస్తే,
కుక్క గడపకీ నాంచారమ్మ తిట్లకీ నడుమ
ఒకచోట మాట ఉండదు.
సౌండు పోయిందని కాలేజీలో మార్కులు కోశారు.
పోలేదు.
అక్కడొక ఇల్లుంది.